డి డ్రైవ్‌లో మిగిలిపోయినవాళ్లు

*పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు 'ఫార్మాట్ కొట్టేశాం' అనుకుని నిశ్చింతగా ఉంటాం. తుడిచామా లేదా అన్నది మాత్రం చూసుకోం.*

తెలుగు ఇంట్లో పదేళ్లు వాడిన కంప్యూటర్‌ను తెరిస్తే సి డ్రైవ్‌లో విండోస్ ఉంటుంది, డి డ్రైవ్‌లో కుటుంబం ఉంటుంది. 'న్యూ ఫోల్డర్' లోపల ఇంకో 'న్యూ ఫోల్డర్'. అందులో అబ్బాయి ఎంసెట్ హాల్‌టికెట్, అమ్మాయి సంబంధాలకు పంపిన బయోడేటా, దాని పక్కనే జాతక చక్రం. పొలం పాసుపుస్తకం స్కాన్, ఇల్లు కొన్నప్పుడు తీయించిన ఈసీ, నాన్నగారి యాంజియోగ్రామ్ రిపోర్టు, ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు కలిపి చేసిన ఒకే పీడీఎఫ్. అమెరికా వీసాకు నింపిన దరఖాస్తు కాపీ. 'పాస్‌వర్డ్స్' అని పేరు పెట్టి మరీ దాచిన నోట్‌ప్యాడ్ ఫైలు.

కంప్యూటర్ నెమ్మదించినప్పుడల్లా రిపేరు కుర్రాడు వచ్చేవాడు. 'సి ఒక్కటే కొట్టమంటారా, మొత్తం కొట్టెయ్యమంటారా?' అని అడిగేవాడు. 'డి ముట్టుకోవద్దు బాబూ, ఫొటోలున్నాయి' అనేవాళ్లం. అలా ఎన్నిసార్లు ఫార్మాట్ చేయించినా డి డ్రైవ్ చెక్కుచెదరలేదు. ఆ అలవాటు ఎంత బలపడిపోయిందంటే, చాలా ఇళ్లలో 'ఫార్మాట్' అంటే సి డ్రైవ్‌లో మళ్లీ విండోస్ వేయడమే. కంప్యూటర్ అమ్మే రోజు కూడా జరిగేది అదే. తెర మీద కొత్త విండోస్ మెరుస్తుంది, పాతవేవీ కనబడవు, డబ్బు చేతికొస్తుంది, యంత్రం గడప దాటుతుంది.

ఇప్పుడు అలా గడప దాటుతున్న యంత్రాలు తక్కువేమీ కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు కాస్త కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. అవి లేని లక్షణమైన కంప్యూటర్లు కూడా ఒక్కసారిగా పాతవైపోయాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు, ఆన్‌లైన్‌లో ఎక్స్ఛేంజ్ ఆఫర్లకు, ఊళ్లో తెలిసినవాళ్ల పిల్లలకు అవి చేతులు మారుతున్నాయి. ఇది మంచిదే. ఒకరికి పనికిరానిది ఇంకొకరికి మొదటి కంప్యూటర్ అవుతుంది. పారేసే తుక్కు తగ్గుతుంది. అందుకే పాత కంప్యూటర్లు అమ్మొద్దని నేను చెప్పను. తుడిచి అమ్మండి, తుడిచాక చూసుకుని అమ్మండి అంటాను.

డిలీట్ చేస్తే పోయేది ఏమిటి?

హార్డ్ డిస్క్‌లో ఫైలు ఒకచోట ఉంటుంది, అది ఎక్కడుందో చెప్పే పట్టిక ఇంకోచోట ఉంటుంది. డిలీట్ నొక్కి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే, ఆ చోటు ఇక ఖాళీ అని పట్టికలో గుర్తు పడుతుందంతే. ఫైలు జోలికి ఎవరూ వెళ్లరు. క్విక్ ఫార్మాట్ చేస్తే పట్టికే కొత్తది వస్తుంది, కింద సమాచారం ఎప్పటిలాగే ఉంటుంది. గుమ్మం మీది ఇంటి నంబరు పలక పీకేసినంత మాత్రాన ఇంట్లో సామాను ఖాళీ కాదు కదా. కంపెనీవాళ్లు ఇలా చేయడానికి కారణం ఉంది. ఫైలు డిలీట్ చేసిన ప్రతిసారీ దాని నిడివి అంతా తిరగరాస్తూ కూర్చుంటే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది.

ఆ చోటులో కొత్త ఫైలు వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. రెకువా, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పట్టికతో పని లేకుండా డిస్క్‌ను ఆ చివర నుంచి ఈ చివరిదాకా చదువుకుంటూ పోతాయి. ప్రతి జేపీజీ ఫొటోకూ, ప్రతి పీడీఎఫ్‌కూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని ఫైలు బయటికి లాగుతాయి. దీనికి హ్యాకర్ కానక్కర్లేదు. పొరపాటున పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లకు ప్రాణం లేచొచ్చేది ఈ సాఫ్ట్‌వేర్లతోనే. పాత డిస్క్ కొన్న అపరిచితుడి చేతిలోనూ అవి అంతే చక్కగా పనిచేస్తాయి.

ఈ సంగతిని లోకానికి లెక్కలతో చూపించినవాళ్లు అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ఇద్దరు, సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్. 2000 నవంబరు నుంచి 2002 ఆగస్టు దాకా వాళ్లు వేలాల్లో, పాత సామాన్ల దుకాణాల్లో 158 వాడేసిన హార్డ్ డిస్క్‌లు కొన్నారు. అందులో 129 పనిచేశాయి. సరిగ్గా తుడిచినవి 12. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య రికార్డులు, ప్రేమలేఖలు, కంపెనీ లెక్కలు, ఈమెయిళ్లు దొరికాయి. ఒక డిస్క్ ఇలినాయ్ రాష్ట్రంలోని ఏటీఎం నుంచి వచ్చినట్టుంది. ఏడాది లావాదేవీలు అలాగే ఉన్నాయి. ఆ పరిశోధన 2003లో అచ్చయింది. చాలా డిస్క్‌లను అమ్మినవాళ్లు తుడిచామనే అనుకున్నారు. అమ్మేముందు ఒక్కసారి ఎవరైనా తిరిగి చదివి చూసి ఉంటే తెలిసిపోయేది. చూసినవాళ్లు లేరు.

ఒక్కసారి చాలు

తుడవడమంటే పట్టిక చెరపడం కాదు, డిస్క్ మొదలు నుంచి చివరిదాకా ప్రతి అంగుళం మీదా సున్నాలో, అర్థంలేని అంకెలో రాయడం. ఇక్కడే ఇంకో భయం పట్టుకుంటుంది. 'ఒకసారి రాస్తే సరిపోదట, ఏడుసార్లు రాయాలట, ముప్ఫయ్యయిదుసార్లట' అని చెప్పుకుంటారు. ఈ 35 అంకెకు పుట్టిల్లు న్యూజిలాండ్. ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గట్‌మన్ 1996లో ఒక పత్రం రాశారు. అయస్కాంత డిస్క్ మీద కొత్త అక్షరం రాసినా, కింద పాత అక్షరం జాడను శక్తిమంతమైన సూక్ష్మదర్శినితో పట్టవచ్చేమోనన్నది ఆయన ఆలోచన. అప్పటికి వాడుకలో ఉన్న రకరకాల డిస్క్‌లన్నింటికీ సరిపోయేలా 35 వరసలు ఇచ్చారు. ఏ ఒక్క డిస్క్‌కూ ఆ 35 అవసరం లేదు. జనం దాన్ని మంత్రంలా పట్టుకున్నారని, ఇప్పటి డిస్క్‌లకు అది అర్థంలేని పని అని ఆయనే తర్వాత అదే పత్రానికి చివరి మాటగా చేర్చారు.

ఆ వాదానికి ప్రయోగంతో జవాబు చెప్పిన పత్రం మన హైదరాబాద్ సదస్సులోనే వెలువడింది. 2008 డిసెంబరులో ఇక్కడ జరిగిన అంతర్జాతీయ సమాచార భద్రతా సదస్సు సంపుటిలో క్రెయిగ్ రైట్, డేవ్ క్లైమన్, శ్యామ్ సుందర్ రాసిన పత్రం ఉంది. తిరగరాసిన డిస్క్‌లను వాళ్లు సూక్ష్మదర్శినితో పరీక్షించారు. రోజూ వాడుకలో ఉన్న డిస్క్ మీద ఒక్కసారి తిరగరాస్తే, కింద ఉన్న ఒక బిట్ సున్నానా ఒకటా అన్నది సరిగ్గా చెప్పగలిగే అవకాశం 56 శాతం. గుడ్డిగా చెప్పినా 50 వస్తుంది. ఇంగ్లిష్ అక్షరం ఒకటి కావాలంటే ఎనిమిది బిట్లు వరసగా సరిగ్గా రావాలి, అప్పటికే అవకాశం నూటికి ఒకటికి పడిపోతుంది. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో మన 'అ' రాయాలంటే 24 బిట్లు కావాలి. ఆ లెక్క వేసి చూస్తే ఒక్క 'అ' దొరికే అవకాశం పది లక్షల్లో ఒకటికన్నా తక్కువ. ఒక పేరు, ఒక ఆధార్ నంబరు, ఒక ఫొటో సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా మామూలు అవసరాలకు ఒక్క వరస చాలంటుంది. ఒక టెరాబైట్ డిస్క్‌ను ఒకసారి తిరగరాయడానికి రెండు మూడు గంటలు పడుతుంది. 35 సార్లంటే మూడు నాలుగు రోజులు. ఈ 35ను చూసి భయపడి ఆ ఒక్కసారి కూడా చేయకుండా వదిలేసినవాళ్లే ఎక్కువని నా అనుమానం. రాత్రి భోజనాల వేళకు మొదలుపెడితే తెల్లారేసరికి అయిపోయే పని ఇది.

ఎస్‌ఎస్‌డీ లెక్క వేరు

పైన చెప్పిందంతా గుండ్రటి పళ్లేలు తిరిగే పాత రకం హార్డ్ డిస్క్ సంగతి. ఈ పదేళ్లలో వచ్చిన ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, అందులో తిరిగేది ఏమీ ఉండదు. అంతా చిప్‌లే. ఆ చిప్‌లకు ఒక స్వభావం ఉంది. రాసిన చోటే మళ్లీ రాయడం వాటికి రాదు. ముందు ఒక పెద్ద గడి మొత్తాన్ని చెరిపితే గానీ అందులో కొత్తది పట్టదు. పైగా చెరిపిన ప్రతిసారీ గడి కొంచెం అరుగుతుంది. అందుకని లోపలి కంట్రోలర్ తెలివిగా ప్రతి కొత్త రాతనూ వేరే చోట పెడుతుంది, పాతదాన్ని తర్వాత ఎప్పుడో చెరుపుతుంది. ఇందుకోసం మనకు కనబడని అదనపు చోటు కూడా కొంత దగ్గర పెట్టుకుంటుంది. అంటే ఆధార్ పీడీఎఫ్ మీద సున్నాలు రాయమని మనం చెబితే, సున్నాలు కొత్త గడిలోకి వెళతాయి. అసలు పీడీఎఫ్ ఉన్న గడి ఇంకెక్కడో అలాగే ఉండవచ్చు.

2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాఖకు చెందిన మైఖేల్ వెయ్, ఆయన సహచరులు ఎస్‌ఎస్‌డీలను విప్పి, చిప్‌లను నేరుగా చదివి చూశారు. ఫైలును ఒక్కదాన్నే తిరగరాసి చెరిపే పద్ధతులు ఒక్కటీ పూర్తిగా పనిచేయలేదు. పద్ధతిని బట్టి ఫైలులో 4 నుంచి 75 శాతం దాకా మిగిలే ఉంది. కంపెనీలు డ్రైవ్‌లోనే పెట్టిన చెరుపుడు ఆదేశం సరిగ్గా ఉన్నచోట బాగా పనిచేసింది. ఒక డ్రైవ్ మాత్రం 'చెరిపేశాను' అని జవాబిచ్చింది, తీరా చూస్తే సమాచారం అంతా లోపలే ఉంది. అప్పటితో పోలిస్తే ఇప్పటి డ్రైవ్‌లు మెరుగు. విండోస్ ఫైలు డిలీట్ చేయగానే ట్రిమ్ అనే ఆదేశం వెళుతుంది, కంట్రోలర్ ఆ గడులను వీలు చూసుకుని చెరుపుతుంది. అందువల్లే ఎస్‌ఎస్‌డీలో పోయిన ఫొటోలు తెచ్చివ్వడం రికవరీ షాపులకు కష్టమైంది. అయితే ఎప్పుడు చెరుపుతుందో మన చేతిలో లేదు.

కాబట్టి ఎస్‌ఎస్‌డీకి రెండే దారులు. ఒకటి, డ్రైవ్ తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లోని సెక్యూర్ ఎరేజ్. శామ్‌సంగ్‌కు మెజీషియన్ ఉంది, క్రూషియల్‌కు స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్ ఉంది. డెల్, హెచ్‌పీ, లెనోవో వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి ఈ సౌకర్యం బయోస్‌లోనే దొరుకుతుంది. రెండోది, నాకు ఎక్కువ నచ్చింది, ఎన్‌క్రిప్షన్. కొన్న రోజునే బిట్‌లాకర్ లాంటిది ఆన్ చేస్తే ఆ తర్వాత డిస్క్ మీదికి వెళ్లే ప్రతి అక్షరమూ తాళం పడే వెళుతుంది. అమ్మే రోజున తాళం చెవిని నాశనం చేస్తే చాలు. ఏ గడిలో ఏం మిగిలినా అది చదవడానికి వీల్లేని గజిబిజే. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఇదే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' పేరుతో ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలాసార్లు దానంతట అదే ఆన్ అవుతుంది. ఈ వ్యాసం చదువుతూ ఏమీ అమ్మే ఉద్దేశం లేనివాళ్లు కూడా ఇవాళే సెట్టింగ్స్‌లోకి వెళ్లి అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్ దొంగతనానికి పోయినా కాపాడేది అదే.

ఇంట్లో చేసుకునే తీరు

తుడిచే ముందు కావలసినవి రెండు చోట్ల దాచుకోండి. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద, ఇంకోటి ఆన్‌లైన్‌లోనో వేరే డిస్క్‌లోనో. దాచిన ఫొటోలు నాలుగు తెరిచి చూసుకోండి. తర్వాత బ్రౌజర్‌లో, ఈమెయిల్‌లో, వాట్సాప్‌లో లాగౌట్ కండి. ఆ తర్వాత ఎక్స్‌టర్నల్ డిస్క్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ పీకి పక్కన పెట్టండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. తుడిచే సాఫ్ట్‌వేర్‌కు మీ పాత డిస్క్‌కూ, బ్యాకప్‌కూ తేడా తెలియదు.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, 'రీసెట్ దిస్ పీసీ' వరసలో వెళ్లాలి. 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకోగానే చాలామంది నెక్స్ట్ నొక్కేస్తారు. అక్కడ ఆగండి. 'చేంజ్ సెట్టింగ్స్' అన్న చిన్న లింకు ఉంటుంది. దాని లోపల మనకు కావలసినవి రెండు మీటలుంటాయి. 'క్లీన్ డేటా' అన్నది ఆన్ చేస్తేనే ఫైళ్లు చెరిపి ఊరుకోకుండా ఆ చోటును తుడుస్తుంది. 'డిలీట్ ఫైల్స్ ఫ్రమ్ ఆల్ డ్రైవ్స్' అన్నది ఆన్ చేస్తేనే డి డ్రైవ్ దాకా వెళుతుంది. ఈ రెండూ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. మన ఇళ్లలో కుటుంబమంతా డి డ్రైవ్‌లోనే ఉంటుంది గనుక ఆ రెండో మీటను మరవకూడదు.

డిస్క్‌ను విడిగా తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించుకునేవాళ్లకు ఇంకా సులువు. పాత రకం డిస్క్ అయితే క్విక్ ఫార్మాట్ గడిలో టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ చేస్తే చాలు. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ ఆ పార్టిషన్ అంతటా సున్నాలు రాస్తుంది. పార్టిషన్లతో సంబంధం లేకుండా డిస్క్ మొత్తం మీద సున్నాలు పోయాలంటే డిస్క్‌పార్ట్‌లో 'క్లీన్ ఆల్' ఉంది. డిస్క్ నంబరు తప్పు పడితే పోయేది మంచి డిస్క్. ఎంటర్ నొక్కేముందు సైజు చూసి, ఇంకోసారి చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపించుకునేవాటిలో ష్రెడ్‌ఓఎస్ బాగుంటుంది. పేరు మోసిన డీబాన్‌కు ఏళ్లుగా కొత్త వెర్షన్ రాలేదు, ఎస్‌ఎస్‌డీలకు అది తగదు.

మ్యాక్ వాడేవాళ్ల పని తేలిక. టీ2 చిప్ గానీ ఆపిల్ సొంత చిప్ గానీ ఉండి, 2021లో వచ్చిన మాంటెరే లేదా ఆ తర్వాతి సిస్టమ్ ఉంటే 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' నొక్కితే తాళం చెవులు నాశనమవుతాయి. 'ఫైండ్ మై' ఆఫ్ అయిందో లేదో మాత్రం చూడండి. లేకపోతే కొన్నవాళ్లకు ఆ మ్యాక్ తెరుచుకోదు.

ఇక అసలు పని, చూసుకోవడం. పాత రకం డిస్క్ తుడిచాక రెకువానో ఫొటోరెక్‌నో నడిపి చూడండి. విండోస్ సొంత బొమ్మలు తప్ప ఇంకేం కనబడకూడదు. కేసరీ రంగు చీర కొంగు కనిపించినా, స్కాన్ చేసిన కాగితం మూల కనిపించినా మళ్లీ మొదటికి వెళ్లండి. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. 2022లో మైక్రోసాఫ్టే ఒక సంగతి ప్రకటించింది. కొన్ని విండోస్ వెర్షన్లలో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని రీసెట్ చేసినా వన్‌డ్రైవ్ ఫోల్డర్ల నుంచి దింపుకున్న ఫైళ్లు మిగిలిపోతున్నాయని, ఆ తర్వాత దాన్ని సరిచేశామని చెప్పింది. ఆ మధ్యకాలంలో అమ్ముడైన కంప్యూటర్లలో తెరిచి చూసుకున్నవాళ్లు మాత్రమే క్షేమం.

'మేం చూసుకుంటాం సార్'

షాపువాడు మంచివాడే. ఎక్స్ఛేంజ్‌లో తీసుకెళ్లే కుర్రాడూ మంచివాడే. 'డేటా మేం తుడిచేస్తాం, మీరు వర్రీ అవకండి' అంటారు. వాళ్ల నిజాయతీ మీద నాకు అనుమానం లేదు. కానీ ఒక డిస్క్ మూడు నాలుగు చేతులు మారేచోట ఆ పని ఎవరిదన్నది తేలదు. ప్రతి ఒక్కరూ ముందువాళ్లు చేసే ఉంటారనుకుంటారు.

ఇంగ్లండ్‌లో సర్రీ ప్రాంతపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు ఇదే జరిగింది. పాత కంప్యూటర్లను ఒక కంపెనీ ఉచితంగా పట్టుకెళ్తానంది. డిస్క్‌లు నాశనం చేస్తాం, మిగతా పనికొచ్చే భాగాలు అమ్ముకుంటాం అన్నది ఒప్పందం. 2012లో ఒకాయన ఆన్‌లైన్‌లో పాత కంప్యూటర్ కొని తెరిస్తే రోగుల వివరాలు కనిపించాయి. దాదాపు మూడు వేల మందివి. వాళ్లలో రెండు వేల మంది పిల్లలు. అక్కడి సమాచార కమిషనర్ 2013లో రెండు లక్షల పౌండ్ల జరిమానా వేశారు. ఏ డిస్క్ ఎప్పుడు నాశనమైందో ఆ సంస్థ దగ్గర సరైన రికార్డే లేదు.

మోర్గాన్ స్టాన్లీ కథ ఇంకా పెద్దది. పేరున్న ఆర్థిక సంస్థ. దాదాపు కోటిన్నర మంది కస్టమర్ల సమాచారం. తన డేటా సెంటర్లలోని వేలాది డిస్క్‌లను, సర్వర్లను వదిలించుకునే పని సామాన్లు తరలించే కంపెనీ ఒకదానికి అప్పగించింది. సమాచారం తుడవడంలో దానికి ఏ అనుభవమూ లేదు. అవి అక్కడి నుంచి ఇంకొకరికి, ఇంకొకరి నుంచి ఆన్‌లైన్ వేలానికి చేరాయి. 2017లో ఓక్లహామాలో ఉండే ఐటీ కన్సల్టెంట్ ఒకాయన డిస్క్‌లు కొని, లోపల బ్యాంకు సమాచారం ఉండటం చూసి ఆ సంస్థకే ఈమెయిల్ రాశాడు. 2020లో ఒక నియంత్రణ సంస్థ ఆరు కోట్ల డాలర్లు, 2022లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ మూడున్నర కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. ఆ విచారణలో బయటపడ్డ ఒక సంగతి నన్ను చాలా బాధపెట్టింది. ఆ సంస్థ తన స్థానిక శాఖల నుంచి తీసేసిన పరికరాల్లో ఎన్‌క్రిప్షన్ సదుపాయం ముందే ఉంది. ఏళ్ల తరబడి దాన్ని ఆన్ చేయలేదు.

సుత్తీ, నిప్పూ

కొందరు ఇవేవీ నమ్మరు. డిస్క్ తీసి సుత్తితో కొట్టడమో, పెరట్లో తగలబెట్టడమో చేస్తారు. ఇంకొందరు పాత డిస్క్‌లన్నీ బీరువా అడుగున దాచుకుంటారు. బీరువాలో దాచినవి ఏనాటికైనా పాత సామాన్లవాడికే చేరతాయి. నిప్పు సంగతి వేరే చెప్పాలి.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగొస్తూ ఆకాశంలోనే ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. టెక్సస్ చుట్టుపక్కల శకలాలు రాలాయి. నెలల తర్వాత ఎండిన చెరువు అడుగున కరిగి వంకర్లు పోయిన ఒక హార్డ్ డిస్క్ దొరికింది. జెనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం ఫలితాలు దాచిన డిస్క్ అది. బయటి తొడుగు కాలిపోయింది, దుమ్ము లోపలికి వెళ్లింది. మినియాపొలిస్‌లోని డేటా రికవరీ ఇంజినీర్ జాన్ ఎడ్వర్డ్స్ లోపలి పళ్లేలను శుభ్రం చేసి కొత్త యంత్రంలో బిగించి చదివితే 99 శాతం సమాచారం తిరిగొచ్చింది. పళ్లేల మీద గుంటలు పడ్డాయి గానీ, డిస్క్ సగమే నిండి ఉంది గనుక దెబ్బ తగిలినచోట సమాచారం లేదు. నౌకలోని ఇంకో రెండు డిస్క్‌లు పనికిరాకుండా పోయాయి. ఎడ్వర్డ్స్ బయటికి తీసిన ఫలితాలతో ఆ ప్రయోగం 2008లో శాస్త్ర పత్రికలో వెలువడింది. ప్రాణాలు పోయినచోట వాళ్లు చేసిన పని మిగలడం అదృష్టం. పెరటి మంటతో అన్నీ పోతాయనుకునేవాళ్లు ఆ 99 శాతాన్ని గుర్తుంచుకోవాలి.

పనిచేసే డిస్క్‌ను పగలగొట్టాల్సిన అవసరం లేదు, తుడిస్తే చాలు. చచ్చిపోయిన డిస్క్ సంగతే చిక్కు. కంప్యూటర్ గుర్తించని డిస్క్‌ను తుడవలేం, రికవరీ షాపు మాత్రం బోర్డు మార్చి చదవగలదు. దాన్ని విప్పి లోపలి పళ్లేలు పాడుచేయాలి. నక్షత్రం ఆకారపు స్క్రూడ్రైవర్ కావాలి. ల్యాప్‌టాప్ డిస్క్‌ల పళ్లేలు చాలావరకు గాజువి, పగిలితే పెంకులు కళ్లలోకి ఎగురుతాయి. అద్దాలు పెట్టుకోండి, గుడ్డలో చుట్టి కొట్టండి. ఎస్‌ఎస్‌డీ అయితే బోర్డు మీది ప్రతి మెమరీ చిప్‌కూ డ్రిల్ దిగాలి. మిగిలిన ముక్కలు చెత్తబుట్టలో కాకుండా అధీకృత ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. వారంటీలో ఉన్న డిస్క్ పోతే కంపెనీకి తిరిగి ఇచ్చేముందు ఒకసారి ఆలోచించండి. లోపల రోగుల వివరాలో, కక్షిదారుల కాగితాలో ఉంటే వారంటీ డబ్బు వదులుకోవడమే మేలు.

ఊరందరి ఆధార్ ఉన్న యంత్రం

ఇంటి డిస్క్‌లో మన కుటుంబమే ఉంటుంది. ఆడిటర్ ఆఫీసు డిస్క్‌లో, డయాగ్నస్టిక్ సెంటర్ డిస్క్‌లో, స్కూలు ఆఫీసు డిస్క్‌లో, మీసేవ పక్కనున్న నెట్ సెంటర్ డిస్క్‌లో ఊరు ఊరంతా ఉంటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారాన్ని మినహాయించింది, వ్యాపారాలను మినహాయించలేదు. భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు ఆ చట్టం కింద జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండవచ్చు. చిన్న ఆఫీసులైనా పాత కంప్యూటర్లు పంపేటప్పుడు ప్రతి డిస్క్ సీరియల్ నంబరు రాసుకుని, ఎవరు, ఎప్పుడు, ఎలా తుడిచారో ఒక పుస్తకంలో పెట్టుకోవాలి. బయటివాళ్లకు అప్పగిస్తే సీరియల్ నంబర్లతో సర్టిఫికెట్ అడగాలి. సంతకం పెట్టేముందు అందులో ఒక డిస్క్‌ను ఏరి తెప్పించుకుని చదివి చూడాలి.

చాలామందికి తట్టని యంత్రం ఇంకోటుంది, జిరాక్స్ మెషీన్. పెద్ద డిజిటల్ మెషీన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో నిలవ ఉండవచ్చు. న్యూయార్క్‌లో ఒక ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తీసుకుని తిరిగిచ్చిన మెషీన్‌ను 2010లో సీబీఎస్ టీవీ వాళ్లు కొంటే లోపల రోగుల రికార్డులు దొరికాయి. మూడు లక్షల నలభై వేల మందికి పైగా ప్రభావితులై ఉండవచ్చని సంస్థ లెక్క తేల్చింది. 2013లో పన్నెండు లక్షల డాలర్లకు పైగా చెల్లించి కేసు పరిష్కరించుకుంది. మన దగ్గర కలెక్టరేట్ ఎదుట, కోర్టు పక్కన, కాలేజీ గేటు దగ్గర జిరాక్స్ సెంటర్లలో రోజూ ఎన్ని ఆధార్‌లు, ఎన్ని దస్తావేజులు ఆ అద్దం మీద పడతాయో చూస్తూనే ఉన్నాం. అలాంటి డిజిటల్ మెషీన్లకు సెట్టింగ్స్‌లో డిస్క్‌ను తుడిచే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. సెంటర్ యజమాని మెషీన్ మార్చేటప్పుడు సర్వీసు ఇంజినీరును పిలిచి, తన కళ్లముందే ఆ పని చేయించి, తర్వాతే బండి ఎక్కించాలి.